నాలుగు సెకన్లలో పోయిందట!

ఇప్పుడే ద్వారకానగర్ నుంచి వచ్చాను. చొక్కా ఇంకా ఆరలేదు, కోపం అసలే ఆరలేదు.

పాత లాప్‌టాప్ ఎక్స్‌ఛేంజికి ఇద్దామని వెళ్ళాను. 2018లో కొన్నది, 240 జీబీ ఎస్ఎస్‌డీ, అంటే తిరిగే డిస్కు లేకుండా చిప్పుల్లో డేటా దాచుకునే డ్రైవు. "ఇందులో ఇంటి కాగితాలన్నీ ఉన్నాయి బాబూ, మొత్తం తుడిచెయ్యాలి" అన్నాను. కౌంటర్లో గుంటడికి ఇరవై కూడా ఉండవు. చెవిలో ఇయర్‌బడ్ తియ్యకుండానే ఎస్ఎస్‌డీ ఊడదీసి, ఓ ప్లాస్టిక్ యూఎస్‌బీ పెట్టెలో తోసి, రైట్ క్లిక్కు, క్విక్ ఫార్మాట్, ఓకే. నాలుగు సెకన్లు.

"అయిపోనాది అంకుల్."

అంకుల్ సంగతి అలా ఉంచండి. ఆ షాపు బయట బోర్డు మీద ఏం రాసుందో తెలుసా? 'ఇచ్చట డేటా రికవరీ చేయబడును.' ఎర్ర అక్షరాలతో! ఎడంచేత్తో పోయిందంటాడు, కుడిచేత్తో డబ్బు తీసుకుని తెచ్చిస్తానంటాడు. "అయితే ఆ రికవరీ ఏదో దీనిమీద ఒకసారి కొట్టు నాన్నా" అన్నాను. నవ్వుతూ కొట్టాడు.

పది నిమిషాలు పట్టలేదు. ముందు మా అమ్మాయి పదో తరగతి హాల్ టికెట్. తర్వాత మా నాన్నగారి పెన్షన్ కాగితాలు. తర్వాత నా ఆధార్, ముందూ వెనకా. ఆ తర్వాత, పక్కన మౌసు బేరమాడుతున్న ఇద్దరూ మెడలు సాచి చూస్తుండగా, మా ఆవిడ గాజుల మీద నేను తీసిన గోల్డ్ లోన్ రసీదు. ఆవిడకి చెప్పని రసీదు. (ఈ పోస్టు ఆవిడ చదువుతుంది. విడిపించేశాను, బీరువాలోనే ఉన్నాయి, చూసుకోవచ్చు.)

"ఎవులు సూత్తారు అంకుల్?" అన్నాడు గుంటడు. నువ్వే చూశావు కదరా!

అసలు ఫార్మాట్ అంటే ఏమనుకుంటున్నారు వీళ్ళు? అపార్ట్‌మెంటు కింద బోర్డు మీద పేర్లు చెరిపేసి, ఫ్లాట్లన్నీ ఖాళీ అయిపోయాయన్నట్టు. పేర్లే పోయాయి, జనం లోపల సుబ్బరంగా భోంచేస్తున్నారు. లాప్‌టాప్‌లో ఉండగా చేస్తే ట్రిమ్ అని ఒకటుంది, 'ఈ గదులు ఇక అక్కర్లేదు' అని విండోస్ డ్రైవుకి చెబుతుంది, డ్రైవు తీరిగ్గా ఖాళీ చేసుకుంటుంది. అదీ పూర్తి గ్యారంటీ కాదు. ఇలాంటి చవక యూఎస్‌బీ పెట్టెల్లో అయితే చాలావాటికి ఆ కబురే లోపలికి చేరదు. సరిగ్గా అలాంటి పెట్టెలోనే పెట్టి కొట్టాడు మహానుభావుడు.

ఇంతలో లోపల్నుంచి పెద్దాయన వచ్చాడు, ఓనరు కాబోలు. "సార్, ఏడుసార్లు ఓవర్‌రైట్ కొట్టించేద్దాం, మిలిటరీ స్టాండర్డ్" అన్నాడు. అదిగో! ఆ మాట వినగానే నాకు బీపీ. అది హార్డ్ డిస్కుల కాలంనాటి పాట. 1996లో గట్‌మన్ అనే ఆయన పాత డేటా మీద ముప్ఫై అయిదుసార్లు రాయడం గురించి ఓ పేపర్ రాస్తే, ఆనాటి డిస్కుల కోసం రాశాడన్న సంగతి వదిలేసి, ఆ అంకె మాత్రం పట్టుకుని ఇప్పటికీ వేలాడుతున్నారు. ఎస్ఎస్‌డీలో నువ్వు పాత ఫైలు మీద రాయమంటే అది అక్కడ రాయదయ్యా. ఒకే చోట మళ్ళీ మళ్ళీ రాస్తే అరిగిపోతుందని కొత్త చోట రాసుకుంటుంది, పాతది పక్కన పడేస్తుంది. పైగా 240 అని అమ్మే చాలావాటి లోపల చిప్పులు 256వి. ఆ మిగతాది దాని సొంత దాపరికం, నీకూ కనపడదు, నీ విండోస్‌కీ కనపడదు. ఏడుసార్లు కాదు డెబ్భైసార్లు కొట్టినా ఆ మూల ఏం మిగిలిందో బయట్నుంచి చెప్పలేవు. డ్రైవు ఆయుష్షు మాత్రం తగ్గుతుంది.

చెయ్యాల్సింది ఏమిటంటే డ్రైవుకే చెప్పాలి, నీ అంతట నువ్వు చెరుపుకో అని. డ్రైవు కంప్యూటర్‌కి తగిలే పద్ధతుల్లో పాతది సాటా, కొత్తది ఎన్‌వీఎంఈ. సాటా అయితే సెక్యూర్ ఎరేజ్, ఎన్‌వీఎంఈ అయితే శానిటైజ్ అనే కమాండు. కొన్ని లాప్‌టాప్‌ల బయోస్‌లోనే (విండోస్ కన్నా ముందు లేచే ప్రోగ్రాము) ఉంటుంది, లేకపోతే డ్రైవు కంపెనీ వాడి సాఫ్ట్‌వేర్లో ఉంటుంది, లినక్స్ వచ్చినవాళ్ళకి ఒకటి రెండు కమాండ్లు. మొదటిరోజే బిట్‌లాకర్, అంటే డేటా అంతా రహస్య లిపిలోకి మార్చి దాచే విండోస్ తాళం, పెట్టుకుని ఉంటే ఇంకా సుఖం, తాళంచెవి పారేస్తే లోపలున్నదంతా చెత్తే. అయితే డ్రైవు మాటా గుడ్డిగా నమ్మలేం: 2011లో కాలిఫోర్నియా యూనివర్సిటీ శాన్‌డియేగో వాళ్ళు ఈ చెరిపే కమాండ్లని పరీక్షిస్తే ఒక డ్రైవు 'చెరిపేశాను' అని చెప్పి మొత్తం డేటా అలాగే అట్టేపెట్టుకుందట. అంటే మన షాపు గుంటడి అన్నయ్య అన్నమాట.

అయస్కాంతం పెడితే పోతుందనేవాళ్ళు ఒకరు. చిప్పులో అయస్కాంతానికి ఏముందయ్యా పోవడానికి? ఫ్రిజ్‌కి అతికించుకోండి దాన్ని.

నిజం చెప్పాలంటే నా కోపం వీళ్ళ మీద కాదు. మా తోడల్లుడి మీద.

"క్విక్ ఫార్మాట్ చాలన్నయ్యా, ఎందుకంత కంగారు" అని పొద్దున ఫోన్లో చెప్పింది ఆయనే. ఇంట్లో కంప్యూటర్ విషయం ఏదొచ్చినా తీర్పు ఆయనదే. ఈ తీర్పులిచ్చే మనిషే హుద్‌హుద్ తర్వాత మా ఇంటికొచ్చాడు. 2014 అక్టోబరు 12న వచ్చింది తుపాను, ఊళ్ళో చెట్టనేది నిలబడితే ఒట్టు. కరెంటు లేదు, పాలు లేవు, మా బాల్కనీ రేకు పక్కవీధిలో దొరికింది. ఆ గొడవలో పాడవకుండా మూడు పాలిథిన్ కవర్లు చుట్టి మరీ నేను కాపాడుకున్నది ఒక హార్డ్ డిస్కు. అందులో మా అమ్మ వీడియో ఉంది. వెనక గుమ్మం దగ్గర కూర్చుని చింతపండు గింజలు తీస్తూ నన్ను తిడుతున్న వీడియో, రెండు నిమిషాలు. ఆవిడ గొంతు నా దగ్గరున్నది అదొక్కటే.

కరెంటొచ్చిన వారానికి "అన్నయ్యా, ఖాళీ డిస్కు ఏదైనా ఉందా, సినిమాలు ఎక్కించుకోవాలి" అన్నాడు. నేను ఊళ్ళో లేను. మా ఆవిడ తీసిచ్చేసింది. ఈయన ఫార్మాట్ కొట్టి, అంచులదాకా సినిమాలు నింపుకుని, స్వీటు ప్యాకెట్టుతో సహా తిరిగిచ్చాడు. డాబాగార్డెన్స్‌లో రెండు షాపులు తిరిగాను. హార్డ్ డిస్కులో ఒక్కసారి మీద రాస్తే చాలు సార్, ఇక రాదు అన్నారు. ముప్ఫై అయిదుసార్లు అక్కర్లేదు. మా తోడల్లుడు ఒక్కసారి చాలు.

ఉంచుకోవాలన్నది ఒక్కపూటలో పోయింది. పోగొట్టుకోవాలని చూస్తుంటే మాత్రం గోల్డ్ లోన్ రసీదు నలుగురి ముందూ లేచి కూర్చుంటోంది.

సరే. ఎస్ఎస్‌డీ లేకుండా లాప్‌టాప్ ఇస్తే పద్నాలుగు వందలు తగ్గిస్తానన్నాడు ఓనరు. తగ్గించుకోమన్నాను. డ్రైవు జేబులో వేసుకుని వచ్చేశాను, ఇదిగో టేబుల్ మీదుంది. సెక్యూర్ ఎరేజ్ కొడితే 'ఫ్రోజెన్' అంటోంది. బూటయ్యేటప్పుడే బయోస్ తాళం వేసేస్తుంది, కంప్యూటర్ని ఒకసారి నిద్రపుచ్చి లేపితే వదులుతుంది. నిద్రపుచ్చాను. లేచాక చూద్దాం.

ఫోన్ మోగుతోంది. తోడల్లుడే. పొద్దున లాప్‌టాప్ ఇచ్చేస్తున్నానని చెప్పాను కదా, పాత డిస్కు ఏమైనా మిగిలిందా అని అయ్యుంటుంది. తియ్యడం లేదు.