బైపాస్ ఉండగా బంధువులెందుకు?

ఈస్టర్ సెలవులు దగ్గర పడుతున్నాయంటే బెంగళూరు తెలుగు కుటుంబాలు రెండు పనులు తప్పకుండా చేస్తాయి. మొదటిది, గురువారం సాయంత్రమే ఆఫీసు గ్రూపులో 'హ్యాపీ గుడ్ ఫ్రైడే' అని పూలబొకే బొమ్మతో సహా పెట్టడం. అది క్రీస్తును సిలువ వేసిన రోజనీ, అదే గ్రూపులో ఉన్న క్రైస్తవ మిత్రుడు ఆ రోజు ఉపవాసం ఉండి, మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు దాకా చర్చిలో సిలువ మీద క్రీస్తు పలికిన ఏడు మాటల ధ్యానంలో కూర్చుంటాడనీ మనకేం పట్టదు, మనకు పట్టేదల్లా శుక్రవారం సెలవు. రెండోది, శుక్రవారం తెల్లారకముందే కారు తీసి, హెబ్బాళ ఫ్లైఓవర్ మీద మిగతా తెలుగు కుటుంబాలన్నిటినీ బంపర్‌కి బంపర్ ఆనించి కలుసుకోవడం.

ఎందుకయ్యా ఇంత కష్టం అంటే, పిల్లలకి పల్లెటూళ్లు చూపించాలట.

ఆశయం గొప్పదే, కాదనను. ముహూర్తమే కాస్త వేడిగా ఉంటుంది. చర్చి లెక్కలో మార్చి 21న గానీ ఆ తర్వాత గానీ వచ్చే పౌర్ణమి దాటాక పడే ఆదివారం ఈస్టర్. కాబట్టి ఎంత ముందొచ్చినా మార్చి 22, ఎంత ఆలస్యమైనా ఏప్రిల్ 25. 2025లో ఏప్రిల్ 20న వచ్చింది, 2026లో ఏప్రిల్ 5న. ఎటు తిప్పినా రాయలసీమలో రోడ్డు మీద కుక్క కూడా తిరగని రోజులే. సరిగ్గా అప్పుడే మనం ఏసీ పెంచుకుని, అద్దాలకు నల్ల తెర కట్టుకుని, లోపల ట్యాబ్‌లో కార్టూన్లు చూస్తున్న పిల్లలకి 'అదిగో నాన్నా, పల్లెటూరు' అని చూపిస్తాం. వాళ్లు తల ఎత్తేసరికి ఊరు అయిపోతుంది.

ఊరు అంత త్వరగా అయిపోవడానికి కారణం బైపాస్. లారీలు ఊళ్లోకి రాకుండా ఉండటానికి బైపాసులు వేశారని ఇంజినీర్లు చెబుతారు గానీ, నా పరిశీలనలో తేలిందేమంటే వాటి అసలు ప్రయోజనం కుటుంబ సంక్షేమం. నలభై నాలుగో నంబరు హైవే మీద దేవనహళ్లి, చిక్కబళ్లాపురం, బాగేపల్లి అని వరసగా దాటి ఆంధ్రాలో అడుగుపెట్టి, కొడికొండ చెక్‌పోస్టు దగ్గర ఎడమకు తిరిగితే లేపాక్షి. అక్కణ్ణుంచి పదిహేను కిలోమీటర్లు పోతే హిందూపురం. హిందూపురంలో మా మేనత్త. ఈ చివరి పదిహేను కిలోమీటర్లు ఉన్నాయి చూశారూ, భారతదేశంలో ఇంత పొడవైన దూరం ఇంకోటి లేదు.

'ఒరే నాయనా, అంత దూరం పోయి మీ అత్తను చూడకపోతే ఏమనుకుంటుందో' అని వెనక సీట్లోంచి అమ్మ బాగేపల్లి టోల్‌గేట్ దాకా అంటూనే ఉంటుంది. ఫాస్టాగ్ బీప్ మన్నాక స్వరం మారుతుంది. 'సర్లే, ఎండగా ఉంది, దసరాకి చూద్దాం.' ఆడబిడ్డ ఇంటికి వెళ్లకుండా ఉండే హక్కు ఆమెకీ ఉంది కదా.

అలాగని పల్లె అనుభవం వదులుకుంటామా? వదులుకోం, కొనుక్కుంటాం. దానికి రిసార్టులున్నాయి. తలకింత అని కడితే ఎద్దులబండి ఎక్కిస్తారు, గిల్లీదండ ఆడిస్తారు, రాగి సంగటి ముద్దను మట్టి మూకుడులో పెట్టి పైన కొత్తిమీర రెబ్బ నిలబెడతారు. మంచం కూడా నులకదే. నిజానికి మేనత్త ఇంట్లో ఇవన్నీ ఊరికే దొరుకుతాయి, సంగటిలోకి నాటుకోడి పులుసు అదనం. కానీ ఆ సంగటితో పాటే ప్రశ్నలూ వడ్డిస్తారు: జీతమెంత, సైటు కొన్నావా, రెండో బిడ్డ సంగతేమిటి, మీ ఆవిడ అంత చిక్కిపోయిందేమిటి. రిసార్టులో వడ్డించే కుర్రాడు 'ఇంకో ముద్ద వేయమంటారా సార్' అని తప్ప ఇంకేమీ అడగడు. మనం కట్టే డబ్బు ఆ మౌనానికి. సంగటి ఫ్రీ.

ఇక లేపాక్షి. అచ్యుతదేవరాయల కాలంలో విరూపణ్ణ, వీరణ్ణ అనే అన్నదమ్ములు కట్టించిన వీరభద్రాలయం, బయట ఏకశిలా నంది, లోపల నేలకి పూర్తిగా ఆనని స్తంభం. ఆ స్తంభం కింద నుంచి చున్నీ ఈ పక్క దూర్చి ఆ పక్క లాగుతూ ఫొటో దిగడానికి పెద్ద క్యూ. తల పైకెత్తితే కప్పు నిండా విజయనగర కాలపు రంగుల బొమ్మలున్నాయి, పైకెత్తేవాళ్లు తక్కువ. ఖజానా డబ్బు అడక్కుండా ఖర్చుపెట్టాడని రాజుకు కోపమొస్తే, విరూపణ్ణ తన కళ్లు తనే పీకి గోడకేసి కొట్టాడని గైడ్ కథ చెబుతాడు. రిసార్టు బిల్లు జేబులో ఉన్నవాడికి ఆ కథ బాగా ఎక్కుతుంది.

ఫొటో దిగాక అసలు పరీక్ష మొదలవుతుంది. ఆ చున్నీ ఫొటో స్టేటస్‌లో పెడితే హిందూపురం వాళ్లకి కనబడుతుంది, పెట్టకపోతే వెళ్లి ఏం ప్రయోజనం? అందుకని ముందుగా ప్రైవసీలోకి వెళ్లి మేనత్తను, మామను, వాళ్లబ్బాయిని, వాళ్లబ్బాయి మామగారిని ఒక్కొక్కరినే టిక్కు పెట్టి దాచాలి. ఇరవై నాలుగు గంటలు గండం గడిస్తే చాలు. పెళ్లి శుభలేఖలు పంచేటప్పుడు కూడా చుట్టాల జాబితా ఇంత శ్రద్ధగా ఎవరూ రాయరు. ఎవరో ఒకరు మిగిలిపోతారు కూడా, సాధారణంగా వాళ్లబ్బాయి బావమరిదే.

ఇంత పకడ్బందీగా బయల్దేరినా మొన్న గుడ్ ఫ్రైడే నాడు చిక్కబళ్లాపురం దగ్గర తట్టె ఇడ్లీకి ఆగాం. పక్క బల్ల మీద కాఫీ ఊదుకుంటూ మేనత్త! వెంట మామ, కొడుకు, కోడలు, మనవడు. గౌరిబిదనూరు మీదుగా వచ్చారు, ఆదియోగి శివుడి విగ్రహం చూసి, నంది కొండెక్కి, బెంగళూరులో మాల్ తిరిగి వెళ్లే ప్రోగ్రాం. వాళ్లబ్బాయి ఫోన్‌లో దారి తెరిచే ఉంది. దాన్లో మా ఇల్లున్న వైపు ఒక్క గీతా లేదు.

రెండు క్షణాలు ఎవరికీ మాట రాలేదు. తర్వాత అత్తా, అమ్మా ఒకేసారి నోరు తెరిచారు. 'మీ ఇంటికే బయల్దేరాం వదినా!'

ఆ మాట వచ్చేశాక ఎవరి ఇంటికి ఎవరు పోవాలో తేలక, మామా నేనూ ఇంకో రెండు కాఫీలు చెప్పాం.