మెట్లు పీకిన బావగారు

కరెంటు లేకుండా కింది స్వరాలు పలకాల్సిన అకౌస్టిక్ బేస్ గిటార్ గురించి మొదట చెప్పాల్సిన మాట, దాని అభిమానులు చిట్టచివర గానీ ఒప్పుకోని మాట ఏంటంటే, అది వినపడదు. తప్పు మీ చెవులది కాదు. దాని లావు తీగ సెకనుకి 41 సార్లు ఊగుతుంది, అంత కింది నాదాన్ని గదిలోకి తోయాలంటే నిలబడి వాయించే డబుల్ బేస్ అంత పెట్టె ఉండాలి, వీళ్ళేమో ఒళ్ళో పెట్టుకునే గిటార్‌నే కాస్త ఉబ్బించి సరిపెడదామంటారు. వాయించేవాడికి పొట్ట మీద గుమ్మంటుంది, ఎదురుగా కూర్చున్నవాడికి ఆయన వేళ్ళు కదలడం కనిపిస్తుంది, అంతే.

ఇదంతా మా బావగారికి నాకంటే బాగా తెలుసు. తెలిసే కొన్నారు. అమెరికాలో, న్యూజెర్సీ ఎడిసన్ దగ్గర ఉంటారు, పగలు డేటాబేసులు, రాత్రి బేసు. వాళ్ళకో గుంపు ఉంది, పాత తెలుగు పాటలు పాడుకుంటారు: ఒకాయన తబలా, ఒకబ్బాయి కీబోర్డు, ఒకరు గిటార్, పాడటానికి ఒకావిడ. బేస్ లేదన్న లోటు అందులో ఎవరికీ లేదు, బావగారికి తప్ప. పోనీ కరెంటు బేస్ ఒకటి తెచ్చుకుంటే గొడవ వదిలిపోయేది. కాదు, పాతకాలపు అకౌస్టిక్కే కావాలి, అదీ ఫ్రెట్లు, అంటే మెడ మీద అడ్డంగా ఉండే మెట్లు, లేనిదే కావాలి. ఎక్సెల్ షీటు తెరిచారంటే మా అక్కకి అర్థమైపోతుంది, ఇక ఇంట్లో వేరే మాట ఉండదని.

షీటులో మొదటి వరస ఎర్త్‌వుడ్‌ది. గిటార్ తీగల ఎర్నీ బాల్ ఉన్నాడే, ఆయన 1972లో కాలిఫోర్నియాలో తెచ్చిన బేస్ అది. మెక్సికోలో మరియాచీ వాళ్ళు గిటరోన్ అని ఇంత బొజ్జ ఉన్న వాయిద్యం వాయిస్తారు, దాన్ని చూసే ఆయనకి ఈ ఆలోచన వచ్చింది. గిటరోన్‌కి ఆరు తీగలు, ఫ్రెట్లు అసలుండవు, వాళ్ళు ఒకే స్వరాన్ని రెండు స్థాయిల్లో కలిపి లాగుతారు కాబట్టి ఆరుబయట కూడా వినిపిస్తుంది. ఎర్త్‌వుడ్‌ని మాత్రం గిటార్ బొమ్మలోనే చేశారు, లోతు 8 అంగుళాలకి అటూ ఇటూ. నిజం చెప్పాలంటే ఈ జాతిలో కాస్తో కూస్తో వినపడేది అదే, వయొలెంట్ ఫెమ్స్ అనే రాక్ బ్యాండ్‌లో బేస్ వాయించే బ్రయన్ రిచీ దాన్నే పట్టుకుని పేరు తెచ్చుకున్నాడు. పక్క రాష్ట్రంలో ఒకాయన దగ్గర ఒకటుందంటే చూడ్డానికి ముగ్గురం వెళ్ళాం. అమ్మమ్మ వాళ్ళింట్లో బియ్యం పోసుకునే గాబు గుర్తొచ్చింది నాకు. బావగారు దాన్ని ఒళ్ళో పెట్టుకున్నారు, ముందు నుంచి చూస్తే కళ్ళజోడు, పైన నుదురు, మిగతాదంతా చెక్క. కుడి చెయ్యి దాని అంచు మీదుగా తీగల దాకా వచ్చేసరికి మోచెయ్యి తిమ్మిరెక్కింది. "చాలా నాచురల్ పొజిషన్" అన్నారు చెయ్యి విదిలించుకుంటూ. అక్క మెల్లిగా అడిగింది, "ఇది ఇంటికొస్తే చిన్నోడు ఎక్కడ పడుకుంటాడండీ?" ఎర్త్‌వుడ్ వరస ఎర్ర రంగులోకి పోయింది.

తర్వాత 80ల నాటి సన్నవి. వాష్‌బర్న్ ఏబీ వరస, క్రేమర్ ఫెరింగ్టన్ లాంటివి; చూడ్డానికి ముచ్చటగా, పట్టుకోవడానికి తేలిగ్గా ఉంటాయి, కానీ అవి ప్లగ్ చేసి వాయించుకోవడానికే పుట్టినవి, వైరు పీకేస్తే పక్కవాడు అప్పడం కొరికినా ఓడిపోతాయి. మార్టిన్ బీ-40 ఉంది, 1989లో వచ్చింది, ఆ చెక్కా ఆ పనితనం ఆ ధరా అన్నీ మార్టిన్‌వే. ధర గడి దగ్గర బావగారు కాసేపు మౌనం పాటించారు. చివరికి గిల్డ్ బీ-50 మీద తేలారు: 70ల నాటిది, రోడ్ ఐలండ్‌లో చేసింది, తర్వాత్తర్వాత అదే బీ-30 అయింది. స్కేలు, అంటే తీగ ఊగే పొడవు, 30 అంగుళాల పైచిలుకే కాబట్టి, మామూలు బేస్‌ల 34 అంగుళాల మీద చెయ్యి సాగదీసి ఆపసోపాలు పడే ఆయనకి ఇది హాయి. నాకూ అదే నచ్చింది, నన్నెవరూ అడక్కపోయినా.

చిక్కల్లా ఒక్కటే, దొరికిన గిల్డ్‌కి ఫ్రెట్లు ఉన్నాయి. ఫ్యాక్టరీ నుంచే ఫ్రెట్‌లెస్‌గా వచ్చినవి లేకపోలేదు గానీ, అమ్మేవాళ్ళు ఉండాలిగా. "లేకపోతే పీకేద్దాం, చరిత్రలో అందరూ పీకినవాళ్ళే" అన్నారు బావగారు. ఆ చరిత్ర ఆయనకి కంఠతా వచ్చు. రోలింగ్ స్టోన్స్ బ్యాండ్ బిల్ వైమన్ 1961లో తన చవక బేస్ ఫ్రెట్లు పీకేశాడు. ఆంపెగ్ కంపెనీ వాళ్ళు 1966లో ఫ్రెట్‌లెస్‌ని దుకాణంలోనే అమ్మారు. ఇక జాజ్ బేస్ వాయించడంలో పేరుమోసిన జాకో పాస్టోరియస్, 1962 నాటి ఫెండర్ జాజ్ బేస్‌కి ఫ్రెట్లు తీసేసి, గాళ్ళు పూడ్చి, పైన పడవలకి పూసే ఎపాక్సీ పట్టించాడు. వెన్న రాసుకునే కత్తితో పీకానని చెప్పుకున్నాడట కూడా. మా అక్క చిన్నప్పుడు విజయనగరంలో వీణ నేర్చుకుంది. "మాకు 24 మెట్లు మైనంలో నిలబెడతారు, ఒక్కటి కదిలితే మేళం కట్టేవాణ్ణి పిలిపించేవాళ్ళు మా మాస్టారు, సొంతంగా ముట్టుకుంటే చెయ్యి విరిచేవారు" అంది. బావగారు గోటువాద్యం సంగతి ఎత్తారు, దానికి మెట్లు లేవుగా అని. "దాన్ని వాయించేవాళ్ళకి చెవులుంటాయి" అంది అక్క, వంటింట్లోకి వెళ్ళిపోతూ.

శనివారం రాత్రి డైనింగ్ టేబుల్ మీద ఆపరేషన్. గిటార్ మెడ కదలకుండా పట్టుకోవడం నా డ్యూటీ. ఫ్రెట్ అంటే పైన కనిపించే గుండ్రటి తీగ ముక్కే కాదు, దానికి కింద పళ్ళున్న రేకు ఒకటుంటుంది, అది చెక్కని కరుచుకుని కూర్చుంటుంది. సోల్డరింగ్ ఐరన్‌తో వేడి చేసి, కటింగ్ ప్లేయర్‌తో ఒక చివర నుంచి కొంచెం కొంచెం లేపుకుంటూ పోవాలి. మొదటి రెండూ బుద్ధిగా లేచాయి. దాంతో ధైర్యం వచ్చి మూడోదాన్ని ఒక్క గుంజు గుంజారు, రోజ్‌వుడ్ పెచ్చు ఒకటి ఎగిరి అక్క పెరుగు గిన్నెలో పడింది. దాన్ని కడిగి, ఆరబెట్టి, సూపర్ గ్లూతో అతికించాం. కాస్త దగ్గరగా వాసన చూస్తే ఇప్పటికీ పులుపు తగులుతుందని నా అనుమానం. గాళ్ళన్నిటికీ ఆయన వుడ్ ఫిల్లర్ పెట్టారు, చెక్క రంగులోనే ఉన్నది వెతికి తెచ్చి, సాండ్ పేపర్ పట్టి, నూనె రాసి, ఎంత శ్రద్ధగా చేశారంటే తెల్లారేసరికి ఫ్రెట్లు ఉండిన చోట గీత కూడా లేదు. నున్నటి చెక్క, మధ్యలో ముత్యపు చుక్కలు. నిజంగా అందంగా ఉంది. కొంప ముంచింది ఆ అందమే.

రిహార్సల్స్ దివ్యంగా జరిగాయి. తబలా పక్కన కూర్చుని ఆంప్లిఫయర్, అదే ఆంప్, లేకుండా వాయించే బేస్‌ని మెచ్చుకోవడంలో ఎవరికీ ఇబ్బంది ఉండదు. "నిండుదనం వచ్చిందండీ" అన్నాడు తబలాయన, బావగారి వేళ్ళు చూస్తూ.

ఉగాది సాయంత్రం, ఒకరింటి బేస్‌మెంట్. జనం బాగానే వచ్చారు. ఆ ఇంటి కుర్రాడు ఉపకారం చేద్దామని చెక్క ఊపుని కరెంటుగా మార్చే చిన్న పికప్ ఒకటి తెచ్చి గిటార్ పెట్టెకి అంటించి ఆంప్‌కి కలిపాడు. వెంటనే కూత. ఆంప్ శబ్దానికి ఆ పెద్ద పెట్టె ఊగుతుంది, ఆ ఊపు మళ్ళీ పికప్‌లోకి, అక్కడి నుంచి మళ్ళీ ఆంప్‌లోకి, ఇలా ఒకదాన్నొకటి రెచ్చగొట్టుకుంటాయి. ఎవరిదో శాలువా గిటార్ కన్నంలో కుక్కితే కూత ఆగింది, పాట మొదలైంది.

మొదటి స్వరం ఖాళీ తీగ, గుమ్మంది, అందరూ తలలూపారు. రెండో స్వరం వచ్చింది. పులిహోర లైన్లో ఉన్న మా అక్క ప్లేటుతో సహా వెనక్కి తిరిగింది. సంగతేంటంటే, గిటార్ మీద ఆ చుక్కలు రెండు ఫ్రెట్ల నడుమ ఉంటాయి. ఫ్రెట్లున్నప్పుడు చుక్క మీద నొక్కితే స్వరం ముందున్న ఫ్రెట్ దగ్గర పుడుతుంది, సరిగ్గా పలుకుతుంది. ఫ్రెట్‌లెస్‌లో వేలు ఎక్కడుంటే స్వరం అక్కడే. బావగారు పాత అలవాటుగా చుక్కల మీదే భక్తిగా నొక్కుతున్నారు, ప్రతిదీ సరిగ్గా అర మెట్టు కిందికి పలుకుతోంది. పాడేవాళ్ళు తెలియకుండానే బేస్‌ని ఆనుకుని పాడతారు కదా, ఆవిడ కూడా దిగడం మొదలుపెట్టింది. కీబోర్డు అబ్బాయి కంగారుపడి ట్రాన్స్‌పోజ్ బటన్ నొక్కి ఒక మెట్టు మొత్తం కిందికి దించేశాడు. దాంతో ఇందాక అర మెట్టు కింద ఉన్న బావగారు ఇప్పుడు అర మెట్టు పైనున్నారు, ఇందాక సరిగ్గా ఉన్న ఖాళీ తీగలు కూడా చెడ్డాయి, గిటారాయన ఎటు పోవాలో తెలియక వాయించడం మానేసి తాళం వేశాడు. బావగారు మాత్రం కళ్ళు మూసుకుని స్వరాన్ని ఊపుతున్నారు. "గమకం అనుకుంటున్నారు" అంది అక్క నా చెవిలో. పాట అయిపోయింది, లేదా ఆగిపోయింది, చప్పట్లు మాత్రం గట్టిగానే కొట్టారు. రెండో పాటకి ముందు పాడే ఆవిడ వచ్చి, "ఆంప్ ఎందుకులెండి, మీ వాయిద్యం సహజంగా ఉంటేనే బాగుంటుంది" అంది, ఎంతో మర్యాదగా.

మర్నాడు అక్క ఫోన్‌లో తంబూరా శ్రుతి పెట్టుకుని, ఆయన చేత ఒక్కొక్క స్వరం మీటించి, సరిగ్గా పలికిన చోటల్లా మెడ పక్కన తన బొట్టుబిళ్ళ ఒకటి అంటించింది. పని అక్కడితో అయిపోలేదు. ఫ్రెట్ల రేకులు మెడని బిగపట్టి ఉంచుతాయి, అవి పోయేసరికి తీగల లాగుడికి మెడ ముందుకి వంగింది, పైగా ఫ్రెట్ల ఎత్తు తగ్గినందుకు తీగలు ఆకాశంలో ఉన్నాయి. గిటార్లు బాగుచేసే ముసలాయన దగ్గరికి తీసుకెళ్ళాం. మెడ లోపలి రాడ్ బిగించాడు, మెడ చివర తీగలు ఆనుకునే నట్ అనే పట్టీ గాళ్ళు లోతు చేశాడు, అతికించిన పెచ్చు చూసి ఏమీ అనలేదు. బిల్లు రాస్తూ, ఆ ఎర్ర చుక్కలు భలే ఉన్నాయి, ఏ కంపెనీవి అని అడిగాడు. "కస్టమ్" అన్నారు బావగారు గంభీరంగా.

"ఓక్ ట్రీ రోడ్డు ఇండియన్ షాపుల్లో దొరుకుతాయని చెప్పండి," అంది అక్క, "మెరూన్ అయిపోయాయి, ఆకుపచ్చవే ఉన్నాయి."