నంబికి న్యాయం దొరికింది, మరి మీనకు?

రాకెట్ ప్రయోగం ఉందంటే తిరుపతిలో మా వీధి మేడలన్నీ జనంతో నిండిపోతాయి. అందరి చూపూ తూర్పు వైపే, శ్రీహరికోట దిక్కుకే. 2023 జూలై 14 మధ్యాహ్నం చంద్రయాన్-3 లేచినప్పుడు పక్కింటి పెద్దావిడ చేతులు జోడించి ‘గోవిందా’ అన్నారు. అంతకుముందు రోజే శాస్త్రవేత్తలు చంద్రయాన్-3 నమూనాను తిరుమలకు తీసుకెళ్లి స్వామివారి పాదాల చెంత ఉంచి వచ్చారు. నేల వదిలిన దాదాపు రెండు నిమిషాలకు ఆ రాకెట్‌లో రెండు వికాస్ ఇంజిన్లు అంటుకున్నాయి. ఆ పేరు విన్నప్పుడల్లా నాకు ‘రాకెట్రీ: ది నంబి ఎఫెక్ట్’ గుర్తుకొస్తుంది. దానితో పాటు మా అమ్మ వేసిన ప్రశ్న కూడా.

మాధవన్ రాసి, తీసి, తానే నటించిన ఈ సినిమా 2022 జూలై 1న విడుదలైంది. తర్వాత ఉత్తమ చలనచిత్రంగా జాతీయ పురస్కారమూ అందుకుంది. వికాస్ ఇంజిన్ తయారీలో ముఖ్యుడైన ఇస్రో శాస్త్రవేత్త నంబి నారాయణన్ మీద పడిన గూఢచర్యం నింద దాని కథ. థియేటర్ నుంచి బయటికొచ్చి లీలామహల్ సర్కిల్ దాటుతుండగా అమ్మ అడిగింది: ‘ఆయన భార్య కోలుకుందా నాయనా?’ రెండున్నర గంటల సినిమాలో ఇంజిన్లు, విదేశీ ఒప్పందాలు, కోర్టులు ఎన్నో ఉన్నాయి. అమ్మ మనసులో మాత్రం ఆ భార్య, మీన, ఒక్కతే మిగిలింది. ఆలోచించిన కొద్దీ అమ్మ సరైన చోటే ఆగిందనిపించింది. ఈ సినిమా ప్రయోగశాలల్లో కన్నా ఇళ్లలోనే నిజంగా బతికింది.

అమెరికాలోని ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయం ఘట్టాన్నే చూడండి. ప్రొఫెసర్ క్రోకో భార్య జబ్బుతో ఉంది. ఆమెను వదిలి ఆయన విశ్వవిద్యాలయానికి రాలేడు. ఆయన దగ్గరే ద్రవ ఇంధన చోదన శాస్త్రం నేర్చుకోవాలని వచ్చిన నంబి, ఇంటి పనులు తాను చేస్తానని, ఆమెను చూసుకుంటానని, బదులుగా తనకు పాఠం చెప్పమని అడుగుతాడు. ఇందులో స్వార్థం ఉంది, దాన్ని సినిమా దాచలేదు. కానీ పని కోసం మొదలైన సేవ మెల్లగా ఆప్యాయతగా మారుతుంది. మన గురుకులాల కథల్లో శిష్యుడు కట్టెలు కొట్టి, నీళ్లు మోసినట్టే ఇక్కడా శుశ్రూషతోనే చదువు సాగుతుంది. నాసా పిలుపును కాదని, మన అంతరిక్ష కార్యక్రమానికి ఆద్యుడైన సారాభాయ్ కోసం తిరిగి రావడం, ఇంజిన్‌కు విక్రమ్ అంబాలాల్ సారాభాయ్ పేరులోని అక్షరాలు పెట్టడం కూడా విధేయతే. అయితే అవి చెప్పుకోవడానికి బాగుండే విధేయతలు. వాటికి ఎవరి కన్నీళ్లూ ఖర్చు కాలేదు.

ఖర్చయింది ఫ్రాన్స్‌లో. వికాస్‌కు మూలమైన ఫ్రెంచ్ వైకింగ్ ఇంజిన్ పని నేర్చుకోవడానికి వెళ్లిన బృందంలో ఉన్ని ఒకడు. ఇక్కడ మన దేశంలో అతని పసిబిడ్డ చనిపోతుంది. ఆ కబురు ముందుగా నంబికి అందుతుంది. చెబితే ఉన్ని వెళ్లిపోతాడు, పని ఆగిపోతుంది. అందుకని చెప్పడు. నిజం తెలిసిన రోజు ఉన్ని ముఖంలో కనిపించేది కోపం ఒక్కటే కాదు, ఇంతకాలం తన పక్కనే కూర్చున్న మనిషి ఎవరో తెలియని అయోమయం కూడా. నేను దాన్ని క్షమించలేను. బిడ్డను కడసారి చూసుకునే హక్కును ఏ ఇంజిన్ కోసమూ తండ్రి నుంచి లాక్కోకూడదు. జీవిత కథా చిత్రాల్లో సాధారణంగా నాయకుడి తప్పును ఒక పాటతో కడిగేస్తారు. మాధవన్ ఆ పని చేయకుండా తప్పును తప్పుగానే ఉంచాడు. అందుకే, అరెస్టు తర్వాత అందరూ మొహం చాటేసిన వేళ ఉన్ని నంబిని వెతుక్కుంటూ రావడం అంత బరువుగా తగులుతుంది. తనకు అన్యాయం చేసిన మనిషి దేశద్రోహి కాడని అతనికి తెలుసు. నంబి ఎంత కఠినుడో, ఎంత నిజాయితీపరుడో అనుభవించినవాడు అతనే కదా.

ఈ సినిమాలోని చాలా విషయాలు అవాస్తవాలని ఇస్రో మాజీ శాస్త్రవేత్తలు కొందరు 2022 ఆగస్టులోనే బహిరంగంగా చెప్పారు. రాకెట్ చరిత్రకు దీన్ని పాఠ్యపుస్తకంగా తీసుకోకూడదన్నది నా అభిప్రాయం కూడా. వేలమంది కలిసి చేసిన పనిని ఒక్కరి ఖాతాలో వేయడం న్యాయం కాదు. షార్‌లో, అంటే శ్రీహరికోట రాకెట్ కేంద్రంలో, పనిచేసి రిటైరైన వాళ్లు మా ప్రాంతంలో చాలామంది ఉన్నారు, వాళ్ల పేర్లు ఏ సినిమాలోనూ రావు.

అయినా 1994లోని రెండు తేదీలను ఎవరూ కాదనలేరు. అక్టోబర్ 15న శ్రీహరికోట నుంచి ఉపగ్రహాలను మోసుకెళ్లే పీఎస్ఎల్‌వీ రాకెట్ తొలిసారి విజయం సాధించింది. రెండో దశలో మండింది వికాస్ ఇంజినే. నవంబర్ 30న నంబి అరెస్టయ్యాడు. మధ్యలో 46 రోజులు. 50 రోజుల నిర్బంధం, 1996లో ఆరోపణలు నిరాధారమన్న సీబీఐ నివేదిక, 2018 సెప్టెంబర్ 14న 50 లక్షల రూపాయల పరిహారానికి సుప్రీంకోర్టు ఆదేశం, 2019లో పద్మభూషణ్. ఆయనకు ఆలస్యంగానైనా లెక్క తేలింది.

మీన విషయంలో అలాంటి లెక్కేదీ లేదు. సిమ్రాన్ ఆ పాత్రను గొంతు పెంచకుండా చేసింది. తొలి భాగంలో కళకళలాడే ఇల్లాలు, తర్వాత ఎవరినీ గుర్తుపట్టని చూపు. కుండపోత వానలో, మతి చెదిరిన భార్యను పట్టుకుని నంబి రోడ్డు మీద దిక్కులేక నిలబడే దృశ్యంలో మాటలు దాదాపు అక్కర్లేదు. చివర్లో ఇంటర్వ్యూ చేసే నటుడు దేశం తరఫున క్షమాపణ అడుగుతాడు. మాధవన్ స్థానంలో అసలు నంబి నారాయణనే వచ్చి కూర్చుంటారు. హాల్లో చాలామంది కళ్లు తుడుచుకున్నారు, నేనూ తుడుచుకున్నాను. కానీ ఆ క్షమాపణలో మీన వాటా ఎంతో సినిమా చెప్పలేదు. అమ్మ అడిగింది దాని గురించే.

రెండోసారి చూసినప్పుడు క్రోకో ఇంటి దగ్గర నాకు గుండె పట్టేసింది. పరాయి దేశంలో, పరాయి మనిషి భార్యకు సేవ చేస్తున్న ఆ కుర్రవాడికి, ఏళ్ల తర్వాత తన ఇంట్లోనూ అలాంటి మంచం ఒకటి పడుతుందని తెలియదు. అక్కడ ప్రొఫెసర్ తన పని చేసుకోగలిగేలా ఇంట్లోకి ఒక శిష్యుడు వచ్చాడు. తిరువనంతపురంలో నంబి ఇంటి ముందుకు రాళ్లు పట్టుకుని జనం వచ్చారు.