రాయని వీలునామా

వీలునామా రాయమని నాకు సలహా ఇచ్చేవారు ఈ మధ్య ఎక్కువయ్యారు. పింఛనుదారుల సంఘంలోని మిత్రులు, బ్యాంకు మేనేజరు, చివరికి రక్తపోటు చూసే కుర్ర డాక్టరు కూడా. తెల్ల కాగితం చాలట, స్టాంపు అక్కర్లేదట, ఇద్దరు సాక్షులు సంతకం పెడితే సరిపోతుందట, రిజిస్ట్రేషన్ కూడా తప్పనిసరి కాదట. ఇంత చవకగా దొరికే వస్తువును నేను నమ్మను.

విశ్రాంత జీవితానికి రాయని వీలునామాను మించిన పెట్టుబడి లేదని నా సిద్ధాంతం. తపాలా కార్యాలయంలో వయోవృద్ధుల పొదుపు పథకం ఉంది. 30 లక్షల దాకా తీసుకుని, 8.2 శాతం వడ్డీ మూడు నెలలకోసారి ఇస్తుంది. మంచిదే. కానీ వడ్డీ వచ్చి కాళ్లకు దండం పెట్టదు కదా.

విజయనగరంలో గంటస్తంభానికి నడిచి వెళ్లేంత దూరంలో నాకు ఇల్లుంది. బొబ్బిలి వైపు రెండెకరాల మామిడి తోట ఉంది. రెండూ స్వార్జితమే. ఇవి ఎవరికన్నది తేలనంత కాలం సిరిమానోత్సవానికి నా సంతానం ముగ్గురూ మూడు ఊళ్ల నుంచి తప్పకుండా దిగుతారు. పెద్దకోడలు కాఫీలో చక్కెర తగ్గించి నా ఆరోగ్యం కాపాడుతుంది, చిన్నకోడలు పెంచి నా మనసు కాపాడుతుంది. అల్లుడు తోటలో చెట్లు లెక్కపెట్టి వచ్చి, గాలి పీల్చుకోవడానికి వెళ్లానంటాడు.

మా వీధిలో ఒక పెద్దమనిషి తొందరపడ్డారు. వీలునామా అయితే బతికున్నంత కాలం చించి మళ్లీ రాసుకోవచ్చు. ఆయన అంతదూరం ఆగలేక, ఇల్లు కొడుకు పేర దాన సెటిల్‌మెంటు చేసేశారు. రిజిస్ట్రేషన్ అయిన నెలలో ఫిల్టరు కాఫీ. దసరా నాటికి టీ. ఉగాదికి, "నాన్నగారూ, ఫ్లాస్కులో వేడినీళ్లున్నాయి." చూసుకోవాలన్న షరతు మీద ఇచ్చిన ఆస్తిని, చూసుకోకపోతే రద్దు చేయమని ట్రిబ్యునల్‌ను అడగడానికి 2007 నాటి చట్టంలో 23వ సెక్షన్ ఉంది. ఆయన దస్తావేజులో తూర్పు హద్దు గోడ, పడమటి హద్దు కొబ్బరిచెట్టు భద్రంగా ఉన్నాయి. షరతే లేదు. "కన్నకొడుక్కి షరతేమిటండీ" అన్నారట లేఖరితో.

నేను రాయకపోతే 1956 నాటి హిందూ వారసత్వ చట్టమే నా బదులు రాస్తుంది: భార్యకు, కొడుకులకు, కూతురికి సమానంగా. ఈ సంగతి మా పెద్దవాడికి తెలియదు. చెల్లెలికి పెళ్లిలోనే ఇచ్చేశాం కదా అంటాడు. పైగా ఒక డిపాజిట్టుకు వాడు నామినీ. నామినీ అంటే సొంతదారు అనుకుంటున్నాడు. నిజానికి వారసులందరి తరఫున సొమ్ము అందుకునే పళ్లెం మాత్రమే. ఈ అజ్ఞానం పుణ్యమా అని రెండుసార్లు సొంత ఖర్చుతో నన్ను విశాఖ కంటి డాక్టరుకు చూపించాడు. అలాంటి బిడ్డకు చట్టం బోధించడం పాపం.

ఏ బ్యాంకులో ఎంత ఉందో ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. జాబితా మొత్తం ఒక పాత పంచాంగంలో, రాశిఫలాల పక్కన రాసుకున్నాను. ఆస్తి కోసం వెతికేవాడు పంచాంగం తెరవడని నా లెక్క. పదేళ్లు ఎవరూ అడగని డిపాజిట్టు రిజర్వు బ్యాంకు నిధికి చేరుతుంది. ఆ తరువాత కూడా వారసులు అడిగి తెచ్చుకోవచ్చు, కాకపోతే అది ఉందని వాళ్లకు తెలియాలి. ఆ లెక్కన నాకు ముంబైలో నాలుగో సంతానం ఉన్నట్టే. కాఫీ ఇవ్వనిది అదొక్కటే.

మొన్న మా ఆవిడ అడిగింది: "మీరు లేని రోజున నేను ఎక్కడికి వెళ్లి, ఏమని అడగాలి?" 39 ఏళ్ల కాపురంలో ఆస్తి గురించి ఆమె వేసిన మొదటి ప్రశ్న. అశుభం మాట్లాడకు అని కసిరాను. ఆ రాత్రి నిద్ర పట్టక బీరువా మీద పంచాంగం కోసం తడిమాను. దొరకలేదు.

పొద్దున్నే అడిగితే, సంక్రాంతికి ఇల్లు దులిపినప్పుడు పాత కాగితాలన్నీ భోగి మంటలో వేశానంది.

"కొత్త పంచాంగం ఉంది, ఇవ్వమంటారా?"