సవరణ: అమెరికా అత్యవసర వీసా ఇంటర్వ్యూ గురించి

అమెరికాలో దగ్గరివారు చనిపోతే, మరణ ధ్రువీకరణ పత్రం పంపగానే కాన్సులేట్ నేరుగా అత్యవసర ఇంటర్వ్యూ తేదీ ఇస్తుందని మొన్న రాశాను. అది తప్పు. కాన్సులేట్ వీసా సూచనల ప్రకారం ముందు డీఎస్-160 అనే ఆన్‌లైన్ వీసా దరఖాస్తు నింపి, ఫీజు కట్టి, దొరికిన మామూలు తేదీ తీసుకోవాలి. ఆ తర్వాతే త్వరగా పిలవమని కోరగలం.

చూపవలసిన కాగితం కూడా వేరు. అక్కడ అంత్యక్రియలు జరిపించే సంస్థ ఇచ్చే ఉత్తరం కావాలి. అందులో చనిపోయినవారి వివరాలు, అంత్యక్రియల తేదీ, సంస్థను సంప్రదించే వివరాలు ఉండాలి. బంధుత్వానికి రుజువూ జతచేయాలి. ఏడుస్తున్న ఇంట్లో ఇవన్నీ సమకూర్చడం ఎంత కష్టమో తెలుసు. ఆ ఉత్తరం పని అక్కడున్న బంధువుకు వెంటనే అప్పగించండి. ఇంటర్వ్యూ త్వరగా దొరికినంత మాత్రాన వీసా ఖాయమైనట్టు కాదు.