ఫ్రిజ్ తలుపు అరల వారికి ఒక బహిరంగ లేఖ

మహారాజశ్రీ ఫ్రిజ్ తలుపు అరల వారి సముఖమునకు, హైదరాబాదు నిజాంపేటలోని ఒక అపార్టుమెంటు వంటగది నుంచి వ్రాయు విన్నపము.

ఉభయకుశలోపరి. తమరి క్షేమాన్ని ప్రత్యేకంగా అడగవలసిన అవసరం మాకు లేదు, ఎందుకంటే తలుపు తీసిన ప్రతిసారీ తమ సభ్యులందరూ వరుసగా నిలబడి మా ముఖంలోకే చూస్తుంటారు. పై అరలో పిజ్జాతోపాటు వచ్చిన ఒరెగానో, చిల్లీ ఫ్లేక్స్ పొట్లాలు, మధ్య అరలో మయోనీజ్, షెజ్వాన్ చట్నీ, ఒక్కసారి మూత తీసి మళ్ళీ ముట్టని థాయ్ కూర ముద్ద, కింది అరలో సోయా సాస్, వెనిగర్, పెరిపెరి సాస్, మూత చుట్టూ గడ్డకట్టిన మస్టర్డ్ సాస్ కొలువుదీరి ఉన్నాయి. శాసనమండలికి నామినేట్ అయిన పెద్దల్లా అందరూ గౌరవంగా ఆసీనులయ్యారు. వీరిలో ఎవరినీ ఏ రాత్రీ పనికి పిలిచిన దాఖలా లేదు, అయినా ఎవరి పదవీకాలమూ ముగియదు. సీసా మీద అచ్చువేసిన తేదీ ముగిసిపోయినా సరే, పదవి మాత్రం ముగియదు.

తమ సభలోకి ఇన్ని నియామకాలు ఎలా జరిగాయో తమరికి తెలియనిది కాదు. హైటెక్ సిటీ నుంచి ట్రాఫిక్ దాటుకుని ఇల్లు చేరేసరికి రాత్రి ఎనిమిదవుతుంది. కుక్కర్‌లో పప్పు, పక్కన అన్నం, ఓపిక ఉంటే ఒక వేపుడు, చివర పెరుగు, అంతటితో సరి. పళ్ళెం చూడగానే పిల్లలు "ఇవాళ కూడా పప్పేనా?" అంటారు. ఆ ప్రశ్నకు జవాబు వెతుకుతూ పడుకునే ముందు ఫోనులో వంటల వీడియోలు చూడటం, అందులో ఒక చెయ్యి (మనిషి కనబడరు, చెయ్యి మాత్రమే కనబడుతుంది) బాణలిలోకి ఏదో సీసా వంచి పది నిమిషాల్లో అద్భుతమైన డిన్నర్ సిద్ధమని ప్రకటించడం, శనివారం సూపర్ మార్కెట్‌లో ఆ సీసాయే ఒకటి కొంటే ఒకటి ఉచితంగా ఎదురుపడటం, ఆదివారానికల్లా రెండూ తమ సభలో ప్రమాణస్వీకారం చేయడం ఇక్కడ ఆనవాయితీ. సోమవారం రాత్రి మళ్ళీ పప్పే.

తమ సభ్యులు పరాయి దేశాలవారన్నదే నా బాధ అని తమరు ప్రచారం చేసే అవకాశం ఉన్నది కనుక ఆ సంగతి ముందే తేల్చుకుందాం. మిరపకాయ మన నేల మీద పుట్టినది కాదు. అమెరికా ఖండాల నుంచి పోర్చుగీసు వారి ఓడల్లో వచ్చినది. వాస్కో డ గామా 1498లో కాలికట్ చేరేనాటికి మన కూరల్లో కారానికి మిరియాలు, పిప్పళ్ళ వంటివే దిక్కు. టమాటాదీ ఆ ఖండాలే. ఇంగువ కథ మరీ విచిత్రమైనది. పులిహోరకూ పప్పుచారుకూ అది లేనిదే ఘనత రాదనుకునే ఈ దేశంలో, శాస్త్రవేత్తలు ఆ మొక్కను పెంచే ప్రయత్నంగా హిమాచల్ ప్రదేశ్‌లోని లాహౌల్ లోయలో మొదటి నారు నాటినది 2020 అక్టోబరులో. అఫ్గానిస్తాన్, ఇరాన్‌ల వైపు నుంచి వచ్చే జిగురును పిండితో కలిపి చిన్న డబ్బాలకెత్తి అమ్మితే, అదే మన తాతలనాటి ఇంగువ అని మనం మురిసిపోతున్నాము. ఈ ముగ్గురూ వలస వచ్చినవారే. కాని వచ్చిన నాటి నుంచి రాత్రీ పగలూ పనిచేసి ఇంటివారైపోయారు. గుంటూరు మిర్చి యార్డులో నిలబడి మిరపకాయను పరాయిదనగల ధైర్యం నాకైతే లేదు. కనుక తమ సభ్యుల పుట్టిన ఊళ్ళతో మాకు పేచీ లేదు. వారు పనిచేయడం లేదన్నదే మా ఫిర్యాదు.

పని అంటే ఏమిటో చెప్పడానికి తమ పొరుగునే, స్టవ్ పక్కన, ఏ కరెంటూ లేకుండా బతుకుతున్న పోపుల డబ్బాను సాక్షిగా పిలుస్తున్నాను. పప్పు చప్పగా ఉన్నదంటే చాలాసార్లు అందులో వస్తువు తక్కువై కాదు, పోపు వేళ తప్పినందువల్ల. మొదట్లోనే పోపు వేసి, దాని మీద పప్పు పోసి, పావుగంట మరిగిస్తే సువాసనంతా వంటింటి కిటికీలోంచి పక్క ఫ్లాటుకు వెళ్ళిపోతుంది, అక్కడివారు మనం ఏదో గొప్పగా వండుకుంటున్నామని అనుకుంటారు. అదే పప్పు దించిన తరువాత, వడ్డించబోయే ముందు, చిన్న గరిటెలో రెండు చెంచాల నెయ్యి కాచి, దంచిన వెల్లుల్లి రెబ్బలు బంగారు రంగు వచ్చేదాకా వేయించి, జీలకర్ర, ఎండుమిర్చి, కరివేపాకు వేసి చుయ్‌మనిపిస్తే, ఆ నెయ్యిలోకి దిగిన ఘాటూ వాసనా నేరుగా పళ్ళెంలోకే వస్తాయి. మసాలా దినుసుల పరిమళాలు నీటిలో కన్నా నూనెలోనూ నెయ్యిలోనూ బాగా కరుగుతాయన్న సంగతి మన అమ్మమ్మలు ఏ ప్రయోగశాలకూ వెళ్ళకుండానే కనిపెట్టారు. ఈ రెండో పోపుకు పట్టేది రెండు నిమిషాలు. తమ దగ్గరున్న థాయ్ కూర ముద్ద మూత తీయడానికే అంతకన్నా ఎక్కువసేపు పట్టినట్టు నాకు గుర్తు.

ఇక పప్పు విషయం. రోజూ పప్పేనన్న మాటలో నిజం ఉన్నది, కాని రోజూ ఒకే పప్పు కావాలన్న శాసనం ఎక్కడా లేదు. 2022లో భౌగోళిక గుర్తింపు పొందిన తాండూరు కందిపప్పు మనకు కూతవేటు దూరంలోని వికారాబాదు జిల్లాలోనే పండుతుంది. ఆ ఒక్క పప్పునే ముద్దగా ఉడికించి నెయ్యీ ఆవకాయా కలుపుకుంటే ఒక భోజనం, టమాటాతో ఉడికిస్తే ఇంకొకటి, పలుచగా చేసి ముక్కలు వేసి మరిగిస్తే పప్పుచారు, చింతపండు పులుపు బాగా తగిలించి వెల్లుల్లి పోపుతో దించితే ఈ నగరం తనదని చెప్పుకునే ఖట్టీ దాల్. ఒక్క జాగ్రత్త మాత్రం తప్పదు. చింతపండు రసాన్ని పప్పు మెత్తగా ఉడికిన తరువాతే పోయాలి. పులుపు ముందే పడితే కందిపప్పు ఎన్ని కూతలు వచ్చినా మెత్తబడనని మొండికేస్తుంది. నిమ్మరసమైతే ఇంకా ఆలస్యంగా, స్టవ్ ఆపిన తరువాత పిండాలి, మరిగితే దాని పరిమళం పోయి చేదు మిగులుతుంది.

పులుపు మాట వచ్చినది కనుక పచ్చి పులుసు గురించి రెండు మాటలు ఎక్కువ చెప్పుకోనివ్వండి, దానికి జరిగిన అన్యాయం నన్ను బాధిస్తున్నది. నిమ్మకాయంత చింతపండును నానబెట్టి పిసికి, మంట మీద కాల్చిన పచ్చిమిరపకాయలనూ సన్నగా తరిగిన ఉల్లిగడ్డనూ ఉప్పుతో నలిపి అందులో కలిపి, కొత్తిమీర, చిటికెడు బెల్లం, ఒక చెంచాడు వేయించిన నువ్వుల పొడి వేస్తే పులుసు సిద్ధమైనట్టే. పొయ్యి మీద పెట్టే పనే లేదు. తెలంగాణ ఇళ్ళల్లో ముద్దపప్పు అన్నం పక్కన ఇది ఉంటే కూర ఊసెత్తేవారుండరు. పాతబస్తీలో ఖిచిడీ, ఖీమాల పక్కన పోసే ఖట్టా కూడా నువ్వులూ చింతపండూ కలిసినదే. అంటే ఈ ఊళ్ళో రెండు వేర్వేరు వంటిళ్ళు, ఒకదానినొకటి అడగకుండానే, తేలికపాటి భోజనాన్ని బతికించే ఉపాయాన్ని ఒకేచోట వెతికి పట్టుకున్నాయి. ఇంత చరిత్ర ఉన్న పులుసును పక్కనబెట్టి మేము పెరిపెరి సాస్ కొన్నాము. అది ఎవరి ప్రోద్బలంతో కొన్నామో తమ మనస్సాక్షికే వదిలేస్తున్నాను.

నువ్వుల సంగతి ఇంకా ముగియలేదు. బగారా బైంగన్‌కూ, బిర్యానీ పక్కన వచ్చే మిర్చీ కా సాలన్‌కూ బలం పల్లీలు, నువ్వులు, ఎండుకొబ్బరి, వాటికి తోడైన చింతపండు. పండుగనాడు వండే ఆ వంటలకు రాత్రి ఎనిమిదింటికి పూనుకోవడం ఎవరివల్లా కాదు. అయితే ఆ మూడింటినీ ఆదివారం తీరికగా విడివిడిగా వేయించి, ఒక కప్పు పల్లీలకు అర కప్పు నువ్వులు, పావు కప్పు ఎండుకొబ్బరి, తగినన్ని ఎండుమిరపకాయలు, జీలకర్ర, ధనియాలు చేర్చి బరకగా పొడి కొట్టి సీసాకెత్తుకుంటే, వారమంతా సొరకాయ కూరలో, బీరకాయ కూరలో, ఏ రుచీ లేదని పేరుపడ్డ దొండకాయ వేపుడులో చివర ఒక్కో పెద్ద చెంచా చొప్పున వేసుకోవచ్చు. బెండకాయకైతే వేయించిన మెంతులు, మినప్పప్పు కలిపిన మెంతికారం మరింత నప్పుతుందని నా అభిప్రాయం, మా ఇంట్లో దీనిని ఒప్పుకోనివారూ ఉన్నారు. ఎల్లిపాయ కారం, కరివేపాకు పొడి, నల్లకారం గురించి విడిగా చెప్పనక్కరలేదు, వాటిలో ఏ ఒక్కటి ఉన్నా వేడి అన్నం, నెయ్యి చాలు. కరకరకు చల్ల మిరపకాయలో గుమ్మడి వడియాలో నాలుగు వేయించుకుంటే మెత్తని పప్పన్నానికి పంటి కింద పని దొరుకుతుంది.

తమ కింది అరలోని మస్టర్డ్ సాస్‌ను మాత్రం ప్రత్యేకంగా విచారించవలసి ఉన్నది, ఎందుకంటే ఆయన ఆవాల వంశీయుడినని చెప్పుకుంటారు. ఆవగింజలో ఘాటు సిద్ధంగా ఉండదు. గింజ నలిగి నీటితో కలిసినప్పుడే పుడుతుంది, వేడి తగిలితే ఆ పుట్టుకే ఆగిపోతుంది. అందుకే పోపులో చిటపటలాడిన ఆవాలు కమ్మగా ఉంటాయేగాని ముక్కుకెక్కవు, నూరి పెట్టిన ఆవముద్ద మాత్రం నెత్తికెక్కుతుంది. అరటికాయ కూరలోనో పనసపొట్టు కూరలోనో స్టవ్ ఆపి, కాస్త చల్లారాక ఆవ పెట్టడంలోని కిటుకంతా ఇదే. మిగిలిన దోసకాయ ముక్కలను పెరుగులో వేసి అర చెంచా ఆవపిండి కలిపి చూడండి. ఇంత విద్య పోపుల డబ్బాలో మగ్గుతుండగా తమ సాస్ గారు మూత దగ్గర గడ్డకట్టుకుని కూర్చున్నారు.

మయోనీజ్ గారి గురించి క్లుప్తంగా చెబుతాను. పచ్చిగుడ్డుతో చేసే మయోనీజ్‌ను తెలంగాణ ప్రభుత్వం 2024 అక్టోబరు 30 నుంచి ఏడాదిపాటు నిషేధించినప్పుడు, తమ సీసా మీద గుడ్డు లేదని వ్రాసి ఉన్నందున ఆ ఉత్తర్వు తనకు వర్తించదన్న ధీమాతో ఆయన కదలకుండా కూర్చున్నారు. చట్టం దృష్టిలో అది సబబే. కాని పప్పన్నంతో ఆయనకున్న సంబంధమేమిటో ఆ రోజూ చెప్పలేదు, ఈ రోజూ చెప్పలేదు.

సోయా సాస్ విషయంలో న్యాయంగా ఉండాలి. జపాను శాస్త్రవేత్త కికునే ఇకెదా 1908లో సముద్రపు నాచు నుంచి గ్లుటమేట్‌ను వేరుచేసి, నాలుక మీద నిలిచే ఆ కమ్మదనానికి మూలం అదేనని చూపించారు. సోయా సాస్‌లో అది దండిగా ఉన్నది, పుట్టగొడుగుల వేపుడులో నాలుగు చుక్కలు వేస్తే తేడా తెలుస్తుంది. అయితే బాగా పండిన టమాటాలోనూ ఆ గుణం ఉన్నదే. రైతు బజారులో కొన్న టమాటాలను నూనె తేలేదాకా ఓపికగా మగ్గనిస్తే, ఉడకబెట్టిన గుడ్లు వేసినా, మిగిలిన అన్నం కలిపినా వంకపెట్టేవారుండరు. 1999లో మొదలైన ఆ రైతు బజార్లలో ఇప్పటికీ కొందరు అమ్మలక్కలు కూరగాయల సంచిలో కొసరుగా ఒక కరివేపాకు రెమ్మ పడేస్తారు. సూపర్ మార్కెట్ ఉచితంగా ఇచ్చిన రెండో సీసా కన్నా ఆ రెమ్మ మా రాత్రి భోజనాలకు ఎక్కువ సేవ చేసినది.

తమ మీద చివరి ఆరోపణ తమ స్థలానికి సంబంధించినది. ఫ్రిజ్ మొత్తంలో అందరికన్నా వెచ్చని చోటు తమదే, తలుపు తీసినప్పుడల్లా బయటి గాలి ముందు తగిలేదీ తమకే. ఎండాకాలంలో నీళ్ళ సీసా కోసం పిల్లలు ఎన్నిసార్లు తలుపు తీస్తారో లెక్కే లేదు. ఏమీ చెడిపోని వెనిగర్‌కు ఆ చోటు బాగానే ఉంటుంది. కాని పాల ప్యాకెట్లు, గుడ్లు చల్లగా, ఒకే తీరున ఉండవలసిన వస్తువులు. వాటిని అక్కడ పెట్టమని గుంటలు చేసిన పళ్ళెంతో సహా ఆహ్వానించడం ఎంతవరకు ధర్మమో ఆలోచించండి. లోపలి అరల్లో చోటు ఉన్నా మేము ఇంతకాలం ఆ పళ్ళెం మర్యాదకు లొంగిపోయాము.

కావున ఇందుమూలముగా తెలియజేయునది ఏమనగా, సోయా సాస్, వెనిగర్ గార్ల సభ్యత్వాన్ని కొనసాగిస్తున్నాము. ఉల్లిగడ్డ చక్రాలను, పచ్చిమిర్చిని వెనిగర్‌లో నానబెట్టుకోవడానికి ఆయన అవసరం ఉన్నది. షెజ్వాన్ గారికి మిగిలిన అన్నం ఉన్న రోజుల్లో పనిచేసి చూపించేందుకు నెలాఖరు వరకు గడువు ఇస్తున్నాము. ఒరెగానో, చిల్లీ ఫ్లేక్స్ పొట్లాలను ఒకే గిన్నెలో పోసి, వచ్చే ఆదివారం ఆలుగడ్డ వేపుడులో ఖర్చు చేస్తాము. థాయ్ ముద్ద, మయోనీజ్, పెరిపెరి, మస్టర్డ్ సాస్ గార్లు తేదీలు చూపించి, ముగిసినవారు శుక్రవారంలోగా సభ ఖాళీ చేయవలెను. ఖాళీ అయిన మధ్య అరలో అల్లం వెల్లుల్లి ముద్ద, నానబెట్టి తీసిన చింతపండు గుజ్జు ప్రవేశిస్తాయి.

ఇట్లు,
తమ తలుపును రోజూ తీసి, ఏమీ తీసుకోకుండా మూసే ఒక గృహస్థుడు.

తాజాకలం: గుడ్లను నిన్ననే లోపలికి మార్చాము. పళ్ళెంలోని ఆ గుంటల్లో నిమ్మకాయలు సరిగ్గా సరిపోతున్నాయి.