వేషం కట్టిన ఆటలో గెలుపెవరిది?

కబడ్డీ చూసి వచ్చినవాణ్ని ఎవరు గెలిచారని అడుగుతాం. తోలుబొమ్మలాట చూసి వచ్చినవాణ్ని ఆ మాట అడగం. తెలుగులో రెండూ ఆటలే. ఒక్కో ఆటగాడు ఒక్కో పాత్రగా మారి మాటలతో కథ నడిపే రోల్ ప్లేయింగ్ గేమ్ అంటే ఏమిటన్న వాదన ఈ రెండు అర్థాల మధ్యే నలుగుతుంటుంది. గెలుపోటములు లేనిది ఆటెలా అవుతుందని ఒకరంటారు, పోటీ వస్తే పాత్రధారణ ఎక్కడ మిగులుతుందని మరొకరంటారు.

పోటీని కొలబద్ద చేసుకోవడమే పొరపాటని నా అభిప్రాయం. ఈ ఆట పుట్టిందే బల్ల మీద బొమ్మసైన్యాలను నడిపే యుద్ధక్రీడల్లోంచి. 1974లో అమెరికాలో గారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ తెచ్చిన 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' అట్ట మీద అవి యుద్ధక్రీడల నియమాలనే ఉంది, రోల్ ప్లేయింగ్ ఊసే లేదు. మారిందల్లా ఆటగాడి చేతిలో ఉన్నది. సైన్యం పోయి ఒక్క మనిషి వచ్చాడు. 'తలుపుకు చెవి ఆనించి వింటాను' అంటాడు ఆటగాడు. ఏమి వినిపించిందో ఆ కథాలోకాన్ని నడిపే గేమ్ మాస్టర్ చెబుతాడు, సందేహం వస్తే పాచిక తేలుస్తుంది. చదరంగంలో గుర్రం ఏ గడికి దూకగలదో ముందే రాసిపెట్టి ఉంది. ఇక్కడ ఆ పాత్ర ఆ చోట చేయగలిగిన ఏ పనైనా ఎత్తే. నిర్వచనం కావాలంటే ఇక్కడ వెతకాలి.

మరి పోటీ ఎవరితో? గేమ్ మాస్టర్‌తో మాత్రం కాదు. తలచుకుంటే ఒక్క మాటతో కొండను నెత్తిన పడేయగలవాడితో పోటీ ఏమిటి! జట్ల మధ్య మాత్రం పెట్టి చూశారు. 1975లో ఒరిజిన్స్ అనే ఆటగాళ్ల సమావేశంలో గైగాక్స్ రాసిన 'టూంబ్ ఆఫ్ హారర్స్' అనే సాహసాన్ని, అంటే ఆడేందుకు ముందే సిద్ధం చేసిన కథను, టోర్నమెంటుగా ఆడించారు. తర్వాత కొన్ని సాహసాలను మార్కుల పట్టికతో సహా అచ్చువేశారు. ఏ గది దాటారు, ఏ ఉచ్చు తప్పించుకున్నారు అన్నవాటికి మార్కులు వేయడం తేలికే. పిరికి మాంత్రికుడు చివరిదాకా పిరికివాడిగానే నిలిచాడే, దానికెన్ని? లెక్కకు లొంగనిదే ఈ ఆటకు ప్రాణం.

అలాగని పోటీ ఈ ఆటకు పడదనీ అనలేం. 1991లో ఎరిక్ వుజిక్ తెచ్చిన 'యాంబర్' ఆటలో పాచికలే లేవు. పాత్రల తయారీ వేలంపాటతో మొదలవుతుంది. బలం, యుద్ధనైపుణ్యం వంటి నాలుగు గుణాలకు ఆటగాళ్లు ఒకరి మీద ఒకరు పాడాలి. పాడిన పాయింట్లు ఓడినా వెనక్కి రావు. రాజకుటుంబంలో తోబుట్టువుల పగ ఆ కథకు ముడిసరుకు కనుక, వేలంలో రగిలిన కసి నేరుగా పాత్రలోకి దిగుతుంది. అక్కడ పోటీ పడటమే పాత్రలో ఉండటం.

మన పద్యనాటకాల్లో కృష్ణుడి వేషగాడు రాగం తీస్తే అర్జునుడి వేషగాడు అంతకు మించి తీస్తాడు. ఇద్దరి కళ్లూ వన్స్ మోర్ మీదే. యుద్ధంలో ఎవరు గెలుస్తారో ఊరంతటికీ ముందే తెలుసు. తెల్లవారాక టీకొట్టు దగ్గర తేలవలసిన లెక్క వేరే ఉంటుంది, పద్యం ఎవరిది బాగుందని.